బియ్యానికి రిజిస్టరు ఉంది, మన బొమ్మలకు ఏదీ?



మన హాస్టల్లో దేనికి రిజిస్టరు లేదో చెప్పండి చూద్దాం. బియ్యం బస్తా దిగితే స్టాకు రిజిస్టరు. పప్పు, నూనె, గుడ్లు, పాలు, అన్నిటికీ ఏ రోజు లెక్క ఆ రోజే. కంచాలు, గ్లాసులు, ట్రంకు పెట్టెలు, దుప్పట్లు ఎవరికి ఎప్పుడు ఇచ్చారో సంతకాలతో సహా ఉంటుంది. మనకైతే పొద్దున ఒక హాజరు, రాత్రి ఒక హాజరు. ఒక్క దుప్పటి తగ్గినా వార్డెన్ గారు పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. ప్రభుత్వ సొమ్ము కాబట్టి అలా ఉండాల్సిందే. నేను తప్పు పట్టడం లేదు.

కానీ స్టడీ హాల్లో నల్లబల్ల పక్కన ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఉన్నవాటికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు. ఎందుకంటే అవి ఎవరూ సప్లై చేసినవి కావు. మన చేతులతో మనం చేసినవి. ఈ సంచికలో నేను చెప్పదలచుకున్నది ఆ బీరువా గురించే.

నేను చదివే రోజుల్లో అందులో ఒక అరలో సగం కూడా నిండలేదు. ఒక గాలిమర, ఒక అగ్నిపర్వతం, అట్టముక్కలతో చేసిన చార్మినార్, అంతే. ఇప్పుడు నాలుగు అరలూ నిండి పైన కూడా పేర్చారు. ఏటా బడిలో సైన్స్ ఫెయిర్ జరుగుతుంది, నాలుగైదు నమూనాలు వచ్చి చేరతాయి. ఇన్‌స్పైర్ అవార్డులకు చేసినవి కొన్ని ఉన్నాయి. ఇక మన పూర్వ విద్యార్థులు ఉద్యోగాలు వచ్చాక తెచ్చి ఇచ్చినవి వేరే: కొండపల్లి ఎడ్లబండి, ఏటికొప్పాక లక్క బొమ్మలు, ఇత్తడి రైలింజను, అరచేతిలో పట్టే కార్లు. కొండపల్లి అంబారీ ఏనుగులు మూడున్నాయి. ముగ్గురు అన్నలు మూడు వేర్వేరు సంవత్సరాల్లో, ఒకరు తెచ్చింది ఇంకొకరికి తెలియక, అదే బొమ్మ తెచ్చారు! లోపల ఏముందో చెప్పే కాగితం ఒకటి ఉంటే మూడో ఏనుగు స్థానంలో ఇంకేదైనా వచ్చి ఉండేది.

మొన్న దసరా సెలవుల్లో ఇద్దరు తమ్ముళ్లను తోడు తీసుకుని అన్నీ దించి లెక్కపెట్టాను. 117 తేలాయి. వాటిలో చేసినవాళ్ల పేరు చీటీ ఉన్నవి 31. మిగతావి ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పగలిగేవాళ్లు హాస్టల్లో లేరు. మన కామాటి గారు ఒక్కరే ఇంకో తొమ్మిదింటి సంగతి చెప్పగలిగారు. ఆయన రిటైరైతే ఆ తొమ్మిదీ మిగతావాటిలో కలిసిపోతాయి.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మీకు అనిపించవచ్చు. అందుకే కిందటి వార్షికోత్సవం నాడు జరిగింది చెబుతాను.

2003-04లో మేం పదో తరగతి. నా పక్క ట్రంకు పెట్టె వాడు ఒకడు సైన్స్ ఫెయిర్‌కు ఏతాం నమూనా చేశాడు. స్టడీ అవర్ అయ్యాక అందరూ పడుకుంటే వరండాలో ట్యూబులైటు కింద కూర్చుని పది రాత్రులు చేశాడు. వెదురు బద్దతో దూలం, చీపురు పుల్లలతో నిచ్చెన, బూటు పాలిష్ డబ్బా మూతతో బాన. దూలం మీద మట్టితో చేసిన చిన్న మనిషిని నిలబెట్టాడు. దారం లాగితే ఆ మనిషి దూలం మీద వెనక్కి జరిగేవాడు, బాన నీళ్లతో పైకి లేచేది. ముందుకు జరిగితే బాన దిగేది. మోటారు లేని రోజుల్లో మనిషి తన బరువునే మోటారుగా ఎలా వాడాడో, తులాదండం సూత్రం ఏమిటో, పుస్తకం చూడకుండా చెప్పాడు. వాళ్ల తాత జీవితమంతా ఎవరి చేలోనో ఏతాం తొక్కినవాడు. "దూలం ఇరవై అడుగులురా, నేను అడుగులో చేశా" అని మాకు గర్వంగా చెప్పేవాడు. జిల్లా స్థాయిలో బహుమతి వచ్చింది. ఆ ఏతాం బీరువా ఎక్కింది.

పది పాసయ్యాక వాడు చదవలేకపోయాడు. హైదరాబాదు వెళ్లి సెంట్రింగ్ పనిలో చేరాడు. ఇప్పుడు మేస్త్రీ. కిందటేడు వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే పాపను బీరువా దగ్గరికి తీసుకెళ్లాడు. ఏతాం రెండో అరలో ఉంది. దారం తెగిపోయింది, మట్టి మనిషి లేడు. కింద చీటీ ఉంది గానీ దాని మీద వేరే పేరు, 2009 అనే సంవత్సరం ఉన్నాయి.

పాప చీటీ పైకి చదివింది. "నాన్నా, ఇది నువ్వు చేశానన్నావుగా? ఇక్కడ వేరే పేరుందేంటి?" అంది.

వాడు కాసేపు చూసి, "ఇదే అనుకున్నానమ్మా... కాదేమో" అన్నాడు.

నాకు తెలుసు అది వాడిదేనని. చెప్పాను కూడా. కానీ నా మాటకూ వాడి మాటకూ సాక్ష్యం ఏదీ లేదు. చీటీ మాత్రం ఉంది. సొంత చేతులతో చేసినదాని ముందు నిలబడి ఒక మనిషి "కాదేమో" అనుకోవలసి రావడం నన్ను ఏడాదిగా వదల్లేదు.

చీటీ మీద పేరున్న తమ్ముడిని వెతికి ఫోన్ చేశాను. అతని తప్పేమీ లేదు. 2009లో విరిగిపోయి ఉన్న ఏతాంను చూసి, కొత్త నిచ్చెన కట్టి, రంగు వేసి, మళ్లీ ఫెయిర్‌కు తీసుకెళ్లాడు. ముందు ఎవరు చేశారో అతనికి చెప్పినవాళ్లు లేరు. ఫెయిర్‌లో పేరు రాయమంటే తన పేరు రాశాడు. అతను బాగు చేయకపోతే ఆ ఏతాం ఈపాటికి పొయ్యిలోకి పోయి ఉండేది. అంటే ఇక్కడ దొంగ ఎవరూ లేరు. లేనిది ఒక్క వరుస రాత. "తయారు 2003, ఫలానా. మరమ్మతు 2009, ఫలానా." ఇద్దరికీ చోటుండే ఒక్క వరుస!

ఇక్కడ కొంచెం పెద్ద సంగతి కూడా ఉంది. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంకు వెళ్లినవాళ్లు మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం చూసే ఉంటారు. దాన్ని చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్నీ మారియా బెంజోని. మొదటి సాలార్ జంగ్ దాన్ని 1876లో రోమ్‌లో కొన్నారు. ఎవరు చెక్కారు, ఎవరు కొన్నారు, ఎక్కడ, ఏ సంవత్సరం, అన్నీ నూట యాభై ఏళ్ల తర్వాత కూడా మనం చెప్పుకోగలుగుతున్నాం. ఎందుకంటే ఎవరో రాసిపెట్టారు.

ఇప్పుడు మన బీరువాలో ఎడ్లబండిని చూడండి. కొండపల్లి పనివాళ్లు తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, ఒక్కో అవయవాన్నీ వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూత పూసి, ఆ తర్వాత రంగులు దిద్దుతారు. బెంజోని చేతిలో ఉన్నదీ, ఆ పనివాడి చేతిలో ఉన్నదీ విద్యే. కానీ మన చీటీ మీద "కొండపల్లి బొమ్మ" అని మాత్రమే ఉంటుంది. ఊరి పేరు మిగిలింది, మనిషి పేరు పోయింది. చేతిపని చేసేవాళ్ల విషయంలో మన దేశంలో ఎప్పుడూ జరిగింది ఇదే. గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది, రాయి కొట్టినవాడి పేరు చాలాచోట్ల ఉండదు. మన తాతల పనికి పేరు రాయలేదని మనం బాధపడతాం, సభల్లో మాట్లాడతాం. మరి మన చేతిలో కలం ఉండి, మన బీరువాలో మన తమ్ముడి పేరు మనమే రాయకపోతే ఎవరిని అనాలి?

సేకరణ ఎలా పెరుగుతుందో, లెక్క లేకపోతే ఎలా చిక్కుపడుతుందో లోకంలో చాలా ఉదాహరణలున్నాయి. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ పెట్టిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఉంది. 1965లో మొదలైంది. హంగేరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో ఆయనకు ఆ ఆసక్తి కలిగిందంటారు. ఆ ఒక్కటీ పెరిగి వేలు అయ్యాయి. అక్కడ ప్రతి బొమ్మ దగ్గరా అది ఏ దేశానిదో ఉంటుంది కాబట్టే చూసేవాళ్లకు అది ఒక పాఠం. ఆ మాట తీసేస్తే మిగిలేది దుకాణమే.

ఇంకో ఉదాహరణ. మన బీరువాలో ఉన్న చిన్న కార్ల వంటివాటిని ఇంగ్లండులో లెస్నీ అనే కంపెనీ 1953 నుంచి మ్యాచ్‌బాక్స్ పేరుతో అమ్మింది. అగ్గిపెట్టె లాంటి పెట్టెలో ఒక్కో బండి. మొదటి నంబరు రోడ్ రోలర్. వాళ్ల ప్రధాన వరుసలో నంబర్లు 75 వరకే. కొత్త బండి వచ్చినప్పుడు పాతదాన్ని ఆపేసి దాని నంబరే కొత్తదానికి ఇచ్చేవారు. దాంతో ఒకే నంబరుతో నాలుగైదు రకాల బండ్లు తయారయ్యాయి. తర్వాత సేకరించేవాళ్లు 1ఎ, 1బి అని అక్షరాలు తగిలించుకుని లెక్క సరిచేసుకోవాల్సి వచ్చింది. 1968లో వచ్చిన హాట్ వీల్స్ కార్లది ఇంకో తమాషా. కారు అడుగున ఒక సంవత్సరం ఉంటుంది. చాలామంది అదే తయారైన సంవత్సరం అనుకుంటారు. నిజానికి అది ఆ నమూనా హక్కులు నమోదైన సంవత్సరం. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు తయారైన కారు మీద కూడా అదే ఉండొచ్చు. మన ఏతాం మీద 2009 అని ఉన్నట్టే!

వీటి నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి, ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ ఇంకోదానికి ఇవ్వకూడదు. వస్తువు పోయినా, విరిగినా ఆ నంబరు దానిదే. రెండు, వస్తువు మీద ఉన్న రాతను మాత్రమే నమ్మకూడదు. దాని కథ వేరేచోట కూడా రాసి ఉండాలి.

అందుకని నా అభిప్రాయం ఇది. మన హాస్టల్ బొమ్మల బీరువాకు ఒక రిజిస్టరు పెట్టాలి. నేను ఆఫీసులో రిజిస్టర్లు రాసే ఉద్యోగం చేసేవాణ్ణి కాబట్టి నాకు తోచిన పద్ధతి చెబుతాను.

నంబరు సులువుగా ఉండాలి. రిజిస్టరులో ఎక్కించిన సంవత్సరం, పక్కన వరుస సంఖ్య. 2026లో ఎక్కించిన ఏడో వస్తువు 2026/7. ఆ తర్వాత గళ్లు ఇవి: వస్తువు పేరు, చేసినవారి పేరు, ఊరు, తరగతి, చేసిన సంవత్సరం, దేనితో చేశారు, కొలతలు, ఎలా వచ్చింది (చేసిందా, కొన్నదా, ఎవరైనా ఇచ్చిందా), ఏ అరలో ఉంది, ఇప్పుడు ఎలా ఉంది. చివర వెడల్పుగా ఒక ఖాళీ గడి, మరమ్మతుల కోసం. తెలియని గడిలో "తెలియదు" అని రాయాలి గానీ ఊహించి నింపకూడదు. రేపు ఎవరైనా వచ్చి చెబితే, చెప్పినవారి పేరు, తేదీ వేసి నింపుకోవచ్చు.

కొలతల గడిని చిన్నచూపు చూడకండి. అసలు వస్తువు ఇరవై అడుగులుంటే నమూనా ఒక అడుగు అని రాసుకున్నప్పుడే పిల్లవాడు దాన్ని చూసి అసలుదాన్ని ఊహించుకోగలడు. నా దృష్టిలో కొలత రాస్తేనే అది నమూనా, రాయకపోతే బొమ్మ. మన ఊళ్లలో ఇప్పుడు ఏతాం లేదు, మోట లేదు, కుమ్మరి సారె అరుదు. వాటి నమూనాలు మన బీరువాలో ఉన్నాయి. కొలతలు తెలిసిన తాతలు ఇంకా కొందరు ఉన్నారు. అడగాల్సింది ఇప్పుడే.

నంబరును వస్తువు అడుగున, కనపడనిచోట రాయాలి. సెల్లో టేపు వద్దు, రెండేళ్లకు పసుపు పచ్చగా మారి ఊడిపోతుంది. మైదా జిగురు చీటీలను ఎలుకలు, బొద్దింకలు తింటాయి. చెక్క, లోహం అయితే రంగులేని నెయిల్ పాలిష్ చిన్న చుక్క వేసి, ఆరాక దానిమీద సన్నని పెన్నుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేస్తే చాలా కాలం ఉంటుంది. థర్మాకోల్ మీద మాత్రం ఈ పని చేయకండి, కరిగి గుంట పడుతుంది. దానికి దారంతో అట్టముక్క కట్టడమే మేలు.

ఇక బయటికి పోయే వస్తువుల సంగతి. మనకు పోయినవి ఎక్కువ ఇలాగే పోయాయి. ఫెయిర్‌కని తీసుకెళ్తారు, అక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్తుంది, తిరిగి రాదు. మా బ్యాచ్ వాడొకడు చేసిన వంతెన నమూనా అలా వెళ్లి ఇప్పటికీ రాలేదు. ఎవరు తీసుకెళ్లారో అడుగుదామంటే ఆధారం లేదు. కాబట్టి వస్తువు అరలోంచి తీసినప్పుడు దాని చోట ఒక చీటీ పెట్టాలి: నంబరు, తీసుకెళ్లినవారు, తేదీ, ఎప్పుడు తెస్తారు. ఖాళీ చోటు ఊరికే ఖాళీగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. చీటీ ఉంటే అడిగేవాళ్లుంటారు.

ఏడాదికొకసారి సరిచూడటం కూడా ఉండాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో స్టాకు వెరిఫికేషన్ ఉన్నట్టే, మనం వార్షికోత్సవానికి ముందు ఆదివారం పెట్టుకుందాం. ఒకరు రిజిస్టరు చదవాలి, ఒకరు వస్తువు చూపించాలి, ఒకరు టిక్కు పెట్టాలి. తొమ్మిదో తరగతి వాళ్లు ఎనిమిదో తరగతి వాళ్లకు అప్పగించి సంతకాలు చేసుకోవాలి. ఇది వార్డెన్ గారి నెత్తిన ఇంకో పని పెట్టడం కాదు. ఆయనకున్న రిజిస్టర్లు ఆయనకు చాలు. ఇది విద్యార్థుల రిజిస్టరు.

దీనిమీద కొందరు మిత్రులు నాతో వాదించారు. వాళ్ల మాటలకూ జవాబు చెప్పాలి.

"ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫొటోలు తీసి గ్రూపులో పెడితే సరిపోదా?" అన్నారు ఒకరు. ఫొటో తప్పకుండా తీయాలి. కానీ ఫొటో రూపం చెబుతుందే తప్ప పేరు చెప్పదు. పైగా గ్రూపులో పెట్టిన ఫొటో మర్నాటికి శుభోదయాల కింద పూడిపోతుంది. ఫోన్ మారితే అదీ ఉండదు. కంప్యూటర్‌లో ఎక్కించడం నాకూ ఇష్టమే, వెతకడం సులువు. కానీ హాస్టల్లో ఏ పిల్లవాడైనా ఏ రాత్రైనా తీసి చదవగలిగేది పుస్తకమే. ముందు పుస్తకం, తర్వాత దాని నకలు కంప్యూటర్‌లో.

"విరిగిన అట్టముక్కలన్నీ దాచుకుంటూ పోతే బీరువాలు చాలవు" అన్నారు ఇంకొకరు. ఇది న్యాయమైన మాట. అన్నీ దాచాలని నేను అనడం లేదు. చెదలు పట్టినవి, బాగుచేయలేనివి తీసేయాల్సిందే. కానీ తీసేసే ముందు ఫొటో తీసి, ఎప్పుడు, ఎందుకు తీసేశామో రాసి, ఇద్దరు సంతకం పెట్టాలి. వస్తువు పోయినా వరుస ఉంటుంది, చేసినవాడి పేరు ఉంటుంది. నిజానికి రిజిస్టరు ఉంటేనే ధైర్యంగా తీసేయగలం.

"చిన్నపిల్లల పనులకు ఇంత గౌరవం అవసరమా?" అన్నారు మరొకరు. ఈ మాటే నాకు కష్టం కలిగించింది. ఇంటికి దూరంగా, వందమంది మధ్య, ఒక ట్రంకు పెట్టె మాత్రమే తనదిగా బతికే పిల్లవాడికి తను చేసిన వస్తువు కింద తన పేరు ఉండటం చిన్న విషయం కాదు. హాజరు పట్టీలో మన పేరు ఉండేది మనం ఉన్నామా లేదా అని చూడటానికి. ఈ రిజిస్టరులో ఉండేది మనం ఏం చేశామో చెప్పడానికి. మనవాళ్లు ఒక మాట అంటారు, "వాడినెవరు లెక్కచేస్తారు" అని. లెక్క రాయడం దగ్గరే లెక్కచేయడం మొదలవుతుందని నేను నమ్ముతాను.

చివరిగా ఒక మాట. రెండు వందల పేజీల బౌండు రిజిస్టరు ఒకటి కొని తెచ్చాను. గళ్లు గీసి స్టడీ హాల్లో పెట్టాం. మొదటి వరుస ఏతాందే. రాయడానికి ముందు మిత్రుడికి ఫోన్ చేసి కొలతలు అడిగాను. "దూలం ఇరవై అడుగులు, నమూనా అడుగు. తాత చెప్పిన కొలతే" అన్నాడు, ఇరవై రెండేళ్ల తర్వాత కూడా తడుముకోకుండా. మరమ్మతు గడిలో 2009 తమ్ముడి పేరు రాశాం. అతను మట్టి మనిషిని మళ్లీ చేసి పంపుతానన్నాడు.

"నీ గురించి సంచికలో రాస్తున్నాను, పేరు వేయమంటావా?" అని మిత్రుణ్ణి అడిగాను.

"పత్రికలో వద్దులేరా. రిజిస్టరులో రాయి. ఈసారి పాపను తీసుకొచ్చి చూపిస్తా" అన్నాడు.

అందుకే ఇక్కడ అతని పేరు లేదు. చూడాలనుకున్నవాళ్లు స్టడీ హాలుకు రండి. ఇంకా 77 వస్తువుల పేర్లు తేలాలి. వాటిలో మీరు చేసింది ఉండొచ్చు, మీ పక్క మంచం వాడు చేసింది ఉండొచ్చు. వార్షికోత్సవం రోజున భోజనాలకు ముందు ఒక అరగంట ఆ బీరువా దగ్గర నిలబడండి. గుర్తుపట్టింది చెప్పండి. రాసుకోవడానికి తమ్ముళ్లు కలం పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

– ఒక పూర్వ విద్యార్థి
(పదో తరగతి, 2003-04 బ్యాచ్)